గేటు బయటి తరగతి

ఇఫ్రాకు తెలుగు వచ్చని తెలిసిన రోజు లీలాకుమారి గారు పట్టలేనంత సంతోషపడ్డారు.

"సోమాలియా పిల్ల, మన తెలుగు మాట్లాడుతుందా! ఈ మాట ఇన్నాళ్లూ చెప్పలేదేంటి మనోజా?" అంటూ కాఫీ పక్కన పెట్టి, అప్పటికప్పుడు ఫోన్ తీశారు. "మన ట్రస్ట్ కార్యక్రమానికి ముగింపు దొరికిందండీ. ఆ పాపే. స్టేజీ మీద రెండు నిమిషాలు మాట్లాడిద్దాం. హాలంతా కంటతడి పెట్టాలి."

మనోజ ఎదురుగా కూర్చుని ఉంది. ఆవిడ ఫోన్ పెట్టేశాక అసలు సంగతి చెబుదామనుకుంది. కానీ ఒక ఫోన్ అయ్యేలోపు ఇంకో ఫోన్ వచ్చింది.

లీలాకుమారి గారి భర్త పృథ్వీరాజ్ సినిమా నిర్మాత. భీమవరం వైపు నుంచి వచ్చి జూబ్లీహిల్స్‌లో స్థిరపడిన కుటుంబం. ఇద్దరి పేర్లూ కలిపి పెట్టిన పృథ్వీలీల ట్రస్ట్ ఆఫీసు వాళ్ల ఇంటి వెనక వాటాలో ఉంది. ఫిల్మ్‌నగర్ కొండవాలులో, బస్తీకీ బంగళాలకూ నడుమ, ట్రస్ట్ ఒక బడి నడుపుతోంది. ఆ బడి అంటే లీలాకుమారి గారికి ప్రాణం. పిల్లల్లో ఎవరికి జ్వరమొచ్చినా తన కారే పంపుతారు. ఆవిడ మనసు మంచిదా కాదా అన్న అనుమానం మనోజకు ఎప్పుడూ రాలేదు.

మనోజ ఆ ట్రస్ట్‌లో పరిశోధకురాలు. శరణార్థుల పిల్లలు, పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీల పిల్లలు ఈ నగరంలో చదువు ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవడం ఆమెకు అప్పజెప్పిన పని. ఏడాది పాటు టోలిచౌకి సందుల్లో సోమాలియా, సూడాన్, యెమెన్ కుటుంబాల ఇళ్లకు తిరిగింది. ఫిల్మ్‌నగర్ బస్తీలో, కొత్తగా లేస్తున్న బంగళాల పక్కన రేకుల గుడిసెల్లో తిరిగింది. తల్లిదండ్రులకు శ్రద్ధ లేకనో, భాష రాకనో పిల్లలు మానేస్తున్నారని ట్రస్ట్‌లో అందరూ అనుకున్నారు. మొదట్లో ఆమె కూడా అలాగే అనుకుంది. తీరా చూస్తే, పిల్లలు మానలేదు. బడులే తిప్పి పంపాయి. ఆధార్ ఏదన్నారు, పుట్టిన తేదీ కాగితం ఏదన్నారు, మళ్లీ రమ్మన్నారు, మళ్లీ వస్తే గేటు తీయలేదు. అలా తిప్పి పంపిన బడుల్లో పృథ్వీలీల విద్యాలయం కూడా ఉంది. ఆ సంగతి మనోజ తన నివేదికలో ఒక అధ్యాయంగా రాసింది. లీలాకుమారి గారు హాలు, అతిథులు, పూలదండల హడావిడిలో పడి దాన్నింకా చదవలేదు.

ఇఫ్రాకు పదమూడేళ్లు నడుస్తున్నాయి. రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తల్లి సహ్రా ఆమెను తీసుకుని మొగదిషు నుంచి ఇక్కడికి వచ్చింది. అప్పటికే తండ్రి హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడు. తర్వాత వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది. తండ్రి పని కోసం ఇంకో దేశం పోయి అక్కడే ఇరుక్కున్నాడు, వారానికోసారి ఫోన్ చేస్తాడు. తల్లి టోలిచౌకిలో బురఖాలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది. వాళ్ల దగ్గరున్నది ఐక్యరాజ్యసమితి వాళ్లిచ్చిన శరణార్థి కార్డు ఒక్కటే. రహమత్ నగర్‌లో అద్దెకున్న రోజుల్లో కింది వాటా పిల్లలతో ఆడుతూ ఇఫ్రా నేర్చుకున్న తెలుగే ఇప్పుడు లీలాకుమారి గారిని అంతగా మురిపించింది.

రెండు నిమిషాల మాటలు రాయడానికి ఆదినారాయణ గారిని పిలిపించారు. ఆయన పేరున్న సినిమా మాటల రచయిత, పృథ్వీరాజ్ గారికి పాత స్నేహితుడు. లీలాకుమారి గారి ఇంటి హాల్లో రిహార్సల్ పెట్టారు. ఇఫ్రా వచ్చింది. సహ్రా సోఫా అంచున ఒదిగి కూర్చుంది. మనోజ ఆమె పక్కనే కూర్చుంది.

ఆదినారాయణ గారు కళ్లద్దాలు సర్దుకుని, గొంతు సవరించుకుని చదివారు.

"నా జోలపాట తుపాకుల మోత. నా ఉయ్యాల నడిసంద్రంలో పడవ. గూడు చెదిరిన పిచ్చుకనయ్యా నేను! మీ చూరు కింద పిడికెడు చోటిస్తారా?"

లీలాకుమారి గారి కళ్లు అప్పుడే చెమర్చాయి. ఇఫ్రా మాత్రం పెదవులు బిగబట్టి, ఇక ఆపుకోలేక, ఫక్కున నవ్వేసింది.

"ఏమ్మా?" అన్నారు ఆదినారాయణ గారు.

"పడవెక్కడిది సార్? మేము ఫ్లైట్‌ల వచ్చినం. దారి పొడుగునా నేను పండుకునే ఉన్ననట, మా హోయో చెప్పింది."

"హోయో ఎవరు?"

"అమ్మ సార్. మా భాషల అమ్మను హోయో అంటం."

"పోనీ, తుపాకులు?"

"చూసిన. జూబ్లీ చెక్‌పోస్ట్ కాడ పోలీసాయన భుజానికి."

ఆదినారాయణ గారు కాగితం ఒళ్లో పెట్టుకుని ఆ పిల్లను ఎగాదిగా చూశారు. "నలభై ఏళ్ల నుంచి రాస్తున్నానమ్మా. నా డైలాగు మార్చమన్న హీరోలున్నారు. నవ్వినదానివి నువ్వే మొదలు. సరే, నువ్వయితే ఏం చెబుతావో చెప్పు, రాస్తాను."

ఇఫ్రా చెప్పింది. "ఐదో క్లాస్ దాక చిన్న బడిల చదివిన. ఆరో క్లాస్‌కు ఎవ్వరు తీసుకోలే. ఆధార్ ఉందా అన్నరు. లేదన్న. గేటు వేసిన్రు. గంతే సార్."

"ఏ బడివాళ్లు?"

ఇఫ్రా మనోజ వైపు ఒకసారి చూసింది. తర్వాత నేరుగా లీలాకుమారి గారి వైపు తిరిగింది. "చానా బడులు. మీ బడి గూడ, మేడం."

హాల్లో అందరూ ఒక్కసారిగా ఆవిడ వైపు చూశారు. లీలాకుమారి గారే ముందు తేరుకున్నారు. "మా బడా? ఎవరో తెలియక అని ఉంటారులే తల్లీ. అయినా ఆధార్లూ గేట్లూ స్టేజీ మీద చెబితే వినేవాళ్లకి ఏడుపొస్తుందా?"

"ఏడిస్తే నాకేం ఫాయిదా మేడం? నాకు సీటు గావాలె."

ఏం జరుగుతోందో సహ్రాకు అర్థం కాలేదు. కూతుర్ని తమ భాషలో అడిగింది. విన్నాక లేచి నిలబడి, వచ్చీరాని ఉర్దూలో చేతులు జోడించింది. "స్టేజ్ నై మేడం. కెమెరా నై."

కార్డు గడువు పెంచుకోవడానికి ఆమె ఏటా ఆఫీసుల చుట్టూ తిరగాలి. కూతురి ముఖం టీవీల్లో పడితే ఎవరు ఏం అడుగుతారోనని ఆమె భయం. పిల్లల పేర్లు, ముఖాలు బయటికి రావని మొదటిరోజే మనోజ ఆ కుటుంబాలన్నిటికీ మాటిచ్చింది. అదే మాట ఇప్పుడు లీలాకుమారి గారికి చెప్పింది.

"అంటే మన బడి సంగతంతా నీకు ముందే తెలుసన్నమాట," అన్నారు ఆవిడ, మనోజ ముఖంలోకి చూస్తూ.

ఆ సాయంత్రం ఆవిడ నివేదిక తెప్పించుకుని చదివారు. మర్నాడు పొద్దున్నే మనోజను పిలిచారు. నివేదిక బల్ల మీద ఉంది. ఆ అధ్యాయం దగ్గర పేజీ మడిచి ఉంది.

"మనింటి గుట్టు మనమే రోడ్డున వేసుకుంటామా మనోజా? ప్రిన్సిపాల్‌ని నేను మందలిస్తాను. నిజంగా మందలిస్తాను. కానీ ఈ అధ్యాయం తీసేయ్."

"మన బడి పేరు తీసేస్తే మిగతా బడుల పేర్లూ తీసేయాలి మేడం. అన్నీ తీసేస్తే ఇక మిగిలేది పిల్లల తప్పే."

"నేనేం పరాయి పిల్లల్ని తన్ని తగలేశానా? ఎంతమందికి చదువు చెప్పిస్తున్నానో నీకు తెలియదా?"

"తెలుసు మేడం. అదీ రాశాను. ఇదీ రాశాను."

"నీ జీతం ఎవరిస్తున్నారో కూడా తెలుసుగా?"

మనోజ నివేదికను ఆవిడ ముందుకు జరిపింది. గొంతు పెంచకుండానే చెప్పింది. "ఆ అధ్యాయం లేకుండా వేసేటట్టయితే నా పేరు వేయకండి."

"సరే. నీ పేరు లేకుండానే వేస్తాం. రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నారు లీలాకుమారి గారు. ఆ మాట అన్నాక ఆవిడ కళ్లలోనే నీళ్లు తిరిగాయి. మనోజ మాత్రం పొడి కళ్లతో మెట్లు దిగింది. రోడ్డు మీదకు వచ్చి, మోతీనగర్‌లోని తన ఇంటికి ఆటో ఎక్కింది.

ఏం తేలినా ముందు మీకే చెబుతానని టోలిచౌకి కుటుంబాలకు ఆమె ఇచ్చిన మాట ఇంకొకటి ఉంది. ఆ శుక్రవారం నమాజు అయ్యాక సహ్రా ఉండే బిల్డింగు డాబా మీద అందరూ చేరారు. ఆరేసిన బట్టల నీడలో చాపలు పరుచుకుని కూర్చున్నారు. మనోజ నివేదికలోని మాటలను ఉర్దూలో, తనకు చేతనైనంత తేలికగా చెప్పింది.

అంతా విన్నాక ఉస్మాన్ అనే సూడాన్ పెద్దమనిషి గడ్డం సవరించుకున్నాడు. "గేటు దగ్గర మాకు చెప్పింది ఇదే కదా. ఇందులో కొత్తగా ఏముంది బేటీ?"

ఇఫ్రా అందుకుంది. "కొత్తేముందంటే చాచా, ఇది అందరికీ అయింది. ఇన్నొద్దులు నా ఒక్కదానికే అయిందనుకున్న. నాలనే ఏదో తక్కువుందనుకున్న."

ఆ మాటతో డాబా మీద ఒకరి తర్వాత ఒకరు చెప్పడం మొదలుపెట్టారు. ఏ బడి దగ్గర ఎవరు ఏమన్నారో, ఎంతసేపు ఎండలో నిలబెట్టారో చెప్పుకున్నారు. వయసు కాగితం లేదని ఏ పిల్లనూ బడి నుంచి వెళ్లగొట్టకూడదని చట్టంలోనే ఉందని మనోజ చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు.

"చట్టం ఉంటే గేటెందుకు తీయరు అక్కా?" అంది ఇఫ్రా.

"అడిగేవాళ్లు లేక."

"అయితే నేను అడుగుత. మేడం బడి తెరిచే దినం పోత. రానియ్యకపోతే గేటు ముంగట కూసుంట. రోడ్డు వాళ్లది గాదు గద!"

సహ్రా ఒప్పుకోలేదు. కూతుర్ని తమ భాషలో గట్టిగా కోప్పడింది. మనోజకూ భయం వేసింది. ఏదన్నా జరిగితే తనకు పోయేది ఉద్యోగం వరకే, అదెలాగూ పోయింది. వీళ్లకు పోయేది నీడ. ఆ మాటే ఇఫ్రాకు నచ్చజెప్పబోయింది.

"భయపడి ఇంట్ల కూసుంటే చదువొస్తదా అక్కా?" అని అడిగింది ఇఫ్రా.

బడి తెరిచే వారం దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం మనోజ దుకాణానికి వెళ్లేసరికి సహ్రా మిషన్ ముందు కూర్చుని మెరూన్ రంగు గౌను కుడుతోంది. పక్కనే అదే గుడ్డతో తలకు కట్టుకునే స్కార్ఫు కూడా ఉంది. పృథ్వీలీల విద్యాలయం యూనిఫారం రంగు అదే. మనోజ ఆమె ముఖంలోకి చూసింది. సహ్రా తలెత్తకుండానే, "పిల్ల మాట వినదు," అంది. దారం తెంపి, గౌను దులిపి, కొలత చూసుకుంది.

జూన్‌లో బడి తెరిచిన రోజు సన్నగా తుంపర పడుతోంది. ఇఫ్రా, సహ్రా, మనోజ టోలిచౌకి నుంచి ఆటోలో వచ్చారు. ఆ వీధిలో ఏదో షూటింగ్ బండ్లు ఆగి ఉన్నాయి. బడి గేటు మీద పెద్ద అక్షరాలతో 'ప్రతి బిడ్డా మా బిడ్డే' అని రాసి ఉంది. ప్రిన్సిపాల్ సాయిశ్రీనివాస్ గేటు దాకా వచ్చాడు.

"ఆధార్ నంబర్ లేకపోతే కంప్యూటర్ తీసుకోదమ్మా. నా చేతుల్లో ఏముంది?"

"పేరు మీరు రాయండి సార్. కంప్యూటర్‌కు తర్వాత చెప్దాం," అంది ఇఫ్రా.

చట్టం సంగతి మనోజ చెప్పింది. అతను వినీ విననట్టు విని, గేటు మూయించాడు. ఇఫ్రా సంచిలోంచి ప్లాస్టిక్ పట్టా తీసి, గేటు పక్కన గోడకు ఆనుకుని పరుచుకుని కూర్చుంది. పుస్తకం తెరిచింది. బడి వదిలే గంట కొట్టేదాకా లేవలేదు. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

ఆరో తరగతి గది కింది అంతస్తులో, గేటు వైపే ఉంది. అక్కడ లెక్కలు చెప్పే సీతామహాలక్ష్మి టీచర్ కిటికీలోంచి ఆ పిల్లను చూసింది. మొదటిరోజు చూసి ఊరుకుంది. రెండోరోజు గొంతు కాస్త పెంచి పాఠం చెప్పింది. ఆ తర్వాత ఓ పొద్దున నల్లబల్లను కిటికీకి ఎదురుగా తిప్పించింది.

"భిన్నాలు కూడాలంటే ముందు ఏం చేయాలి?" అని ఆవిడ అడిగితే లోపల ఎవరూ పలకలేదు.

"కింది అంకెలు ఒక్కతీరు చేయాలె టీచర్!" అని బయటినుంచి కేక వచ్చింది. లోపలి పిల్లలంతా గొల్లున నవ్వారు. టీచర్ కూడా నవ్వు దాచుకుని, "బయటి అమ్మాయి చెప్పింది విన్నారా?" అంది.

సంగతి టోలిచౌకికి తెలిసింది. ఉస్మాన్ తన కొడుకునూ కూతురునూ తీసుకొచ్చాడు. యెమెన్ పిల్ల ఒకతె వచ్చింది. కొండ మీద బంగళా కడుతున్న ఒడిశా కూలీల పిల్లలు రోజూ ఇసుక కుప్ప మీద నిలబడి ఈ తమాషా చూసేవాళ్లు. వాళ్లూ మెల్లగా దిగివచ్చి పట్టా అంచున కూర్చున్నారు. పట్టా చాలలేదు. మనవణ్ని ఆ బడిలోనే చదివిస్తున్న బస్తీ శకుంతలమ్మ తన ఇంటి నుంచి చాప తెచ్చి వేసింది. "మా పోరన్ని గూడ ఒకప్పుడు గిట్లనే తిప్పిన్రు. కూసోండి బిడ్డా, ఎవడేమంటడో చూస్త," అంది.

ఒక యూట్యూబ్ చానల్ కుర్రవాడు మైకు పట్టుకుని వచ్చాడు. ఇఫ్రా పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. "అన్నా, నువ్వు వీడియో తీస్తే నేను జవాబియ్య. ఏడ్సేటోళ్లు గావాల్నంటే వేరే కాడ చూసుకో. గీడ లెక్కలు చేస్తున్నం." శకుంతలమ్మ చాప మీద నుంచి లేచేసరికి అతను వెళ్లిపోయాడు.

తర్వాత పోలీసు వచ్చాడు. ప్రిన్సిపాలే పిలిపించాడు. కానిస్టేబుల్ బండి స్టాండు వేసి, వరుసగా కూర్చున్న పిల్లల్ని చూశాడు. "ఏందిది? రోడ్డు మీద ఏం చేస్తున్నరు?"

"చదువుకుంటున్నం సార్," అంది ఇఫ్రా.

"గీడనా? పర్మిషనుందా?"

"చదువుకోనీకి పర్మిషనా సార్?"

కానిస్టేబుల్ టోపీ సర్దుకున్నాడు. కాగితాలు చూపించమన్నాడు. సహ్రా శరణార్థి కార్డు తీసి ఇచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నంతసేపూ ఆమె చూపు ఆ కార్డు మీదే ఉంది. మనోజ ముందుకు వచ్చి, దారికి అడ్డం లేదని, గోడ వారగా కూర్చున్నారని, పిల్లలకు చదువు హక్కు ఉందని చెప్పింది. అతను కార్డు తిరిగి ఇచ్చేశాడు. లోపలికి వెళ్లి ప్రిన్సిపాల్‌తో, "పిల్లలు చదువుతుంటే ఏమని లేపాలె సార్? మీ బడి పంచాయతీ మీరే తెంపుకోండ్రి," అని వెళ్లిపోయాడు. సహ్రా గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. ఇఫ్రా తల్లి చేయి పట్టుకుంది. బడి వదిలే గంట కొట్టేదాకా వదల్లేదు.

లీలాకుమారి గారి కారు ఆ మర్నాడు వచ్చింది. ఆవిడ దిగగానే మనోజ వైపు చూశారు. "నా బడి ముందు నన్నే దోషిలా నిలబెట్టావు కదా!"

"నేను నిలబెట్టలేదు మేడం. తను కూర్చుంది. నేను పక్కనున్నాను."

ఆవిడ పిల్లల ముందుకు వచ్చారు. తడిసిన చాప, చిన్నపిల్లల బురద కాళ్లు చూసి ముఖం మెత్తబడింది. "ఏంటి తల్లీ ఇది? వానలో కూర్చుంటారా ఎవరైనా? లేవండి, లోపలికి పదండి. అందరికీ పుస్తకాలిస్తాం, అన్నం పెడతాం. రిజిస్టర్లూ నంబర్లూ తర్వాత చూద్దాం."

పెద్దవాళ్ల ముఖాలు విచ్చుకున్నాయి. ఒడిశా పిల్లలు లేచి నిలబడ్డారు. మనోజ కూడా హమ్మయ్య అనుకుంది. ఇఫ్రా లేవలేదు.

"హాజరు పిలుస్తరా మేడం?"

"ఇప్పుడే పిలవరమ్మా. కానీ అందరితోపాటు కూర్చోవచ్చు."

"పరీక్ష రాయనిస్తరా? ఏడో క్లాస్‌కు పంపిస్తరా?"

లీలాకుమారి గారు ప్రిన్సిపాల్ వైపు చూశారు. ప్రిన్సిపాల్ నేల వైపు చూశాడు.

"అట్లయితే నాకు గీడనే మంచిగుంది," అంది ఇఫ్రా. "గీడ కూసుంటే నేను బయట ఉన్ననని అందరికి కనిపిస్తది. లోపలికొస్తే బయట ఉన్నట్టు ఎవ్వరికి తెల్వది."

"ఎంత పొగరు!" అన్నారు లీలాకుమారి గారు. ఆవిడ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంది. "పెట్టే చేతిని కాదనేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను." కారు ఎక్కి వెళ్లిపోయారు.

ఆ రోజు గేటు బయట గొడవైంది. ఉస్మాన్ తన పిల్లల్ని లోపలికి పంపించాడు. "నీ పంతానికి నా పిల్లలు వానలో నానాలా?" అని ఇఫ్రాను అడిగాడు. అతని మాటలోనూ తప్పులేదు. యెమెన్ పిల్ల తల్లీ అదే చేసింది. ఒడిశా పిల్లల్లో కొందరు అన్నం కోసం లోపలికి వెళ్లారు. ఇంటికి వెళ్లే దారంతా సహ్రా కూతురి నుంచి ముఖం తిప్పుకుని కూర్చుంది. మనోజ మనసు కూడా ఊగిసలాడింది. ఆటోలో ఉండబట్టలేక అడిగింది. "ఒప్పుకుని ఉండాల్సిందేమో కదా ఇఫ్రా?"

"నువ్వు గూడ గట్లనే అంటే ఎట్లక్కా? ఆ చాప్టర్ తీసేయమంటే నువ్వు తీసినవా?"

మనోజ ఇఫ్రా ఒళ్లోని తడిసిన పట్టా తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

సోమవారం పట్టా మీద ఇఫ్రా, ఇద్దరు ఒడిశా పిల్లలు మాత్రమే ఉన్నారు. మొదటి గంట కొట్టారు. సీతామహాలక్ష్మి టీచర్ హాజరు పట్టీ చంకలో పెట్టుకుని తరగతిలోకి వెళ్లకుండా గేటులోంచి బయటికి వచ్చింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. గోడ పట్టుకుని మెల్లగా వంగి పట్టా మీద కూర్చుంది.

"పూర్తి పేరు చెప్పమ్మా."

"ఇఫ్రా అబ్దీ మొహముద్."

"ఒక్కొక్క ముక్కే చెప్పు. తప్పు రాయకూడదు."

ఆవిడ సిరా పెన్నుతో రాసింది. ఒడిశా పిల్లల పేర్లూ అడిగి రాసింది. ఆ తర్వాత లోపల కూర్చున్న ఉస్మాన్ పిల్లల్నీ, యెమెన్ పిల్లనీ, మిగతా ఒడిశా పిల్లల్నీ కిటికీలోంచే పిలిచి, పేర్లడిగి రాసింది. ఈలోగా ప్రిన్సిపాల్ పరుగున వచ్చాడు.

"ఏంటండీ ఇది? ఎవరిని అడిగి రాశారు?"

"తప్పయితే కొట్టేయండి సార్," అంది టీచర్ పట్టీ అతని చేతికిస్తూ. "మీ చేత్తో మీరే కొట్టేసి, పక్కన ఎందుకు కొట్టేశారో రాసి, సంతకం పెట్టండి."

అతను పట్టీ పట్టుకుని నిలబడ్డాడు. తరగతిలోని పిల్లలంతా కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నారు. శకుంతలమ్మ కొంగు బిగించి గేటు దగ్గరికి వచ్చింది. ఆమె వెనక బస్తీ ఆడవాళ్లు ఇంకొందరు ఉన్నారు. ప్రిన్సిపాల్ పెన్ను తీయలేదు. ఫోన్ తీశాడు.

లీలాకుమారి గారు అరగంటలో వచ్చారు. పట్టీ తీసుకుని ఆ పేర్లన్నీ చదివారు. ఆవిడ మనసులో ఏం మెదిలిందో మనోజకు అప్పుడూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు.

"వీళ్లని చేర్చుకుంటే ఎవరైనా మన బడి మూసేస్తారా?" అని అడిగారు ప్రిన్సిపాల్‌ని.

"మూయరు మేడం. కానీ పైనుంచి ప్రశ్నలొస్తాయి."

"వస్తే నేను చెప్పుకుంటాను. ఉంచండి." పట్టీ టీచర్‌కు ఇచ్చేశారు. అప్పుడు మనోజ వైపు తిరిగారు. "కానీ నువ్వు ఈ గడప తొక్కకూడదు. నా బడిలో నీకు పని లేదు."

"అలాగే మేడం," అంది మనోజ. ఆ మాట గుచ్చుకుంది. పరిశోధన చేసిన ఏడాదంతా ఎన్నోసార్లు అక్కడి పిల్లలతో కలిసి భోజనం చేసిన బడి అది. అయినా వెనక్కి తగ్గాలనిపించలేదు.

సీతామహాలక్ష్మి టీచర్ అక్కడే, పట్టా మీద నుంచి లేవకుండానే పిలిచింది. "ఇఫ్రా అబ్దీ మొహముద్?"

"ప్రెజెంట్ టీచర్," అని వీధి చివరిదాకా వినిపించేంత గట్టిగా అరిచి, ఇఫ్రా లేచి గేటులోకి నడిచింది. సహ్రా రోడ్డు మీదే నిలబడి ముఖానికి స్కార్ఫు అంచు అడ్డం పెట్టుకుంది.

ట్రస్ట్ కార్యక్రమం జరగాల్సిన రోజునే జరిగింది. ఇఫ్రా వెళ్లలేదు. ఆదినారాయణ గారి మాటలను ఎవరో నటి చదివిందని, హాల్లో చాలామంది ఏడ్చారని మనోజకు తెలిసింది. నివేదిక ఆ అధ్యాయం లేకుండానే అచ్చయింది. మనోజ పూర్తి ప్రతిని తనే అచ్చు వేయించి, విద్యాశాఖకు, బాలల హక్కుల కమిషన్‌కు పంపింది. టోలిచౌకిలో అడిగిన ప్రతి ఇంటికీ ఒకటి ఇచ్చింది. జవాబింకా రాలేదు. ఆమె ఇప్పుడు ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెబుతోంది. ఉస్మాన్ కుటుంబం దసరాకు ముందే వేరే దేశానికి వెళ్లిపోయింది. బంగళా కట్టడం పూర్తయి ఒడిశా కూలీలు ఇంకెక్కడికో తరలిపోయారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు ఏ గోడ పక్కన ఉన్నారో ఎవరికీ తెలియదు.

ఇఫ్రా అర్ధసంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో బాగా రాసింది, తెలుగులో తప్పింది. మాట్లాడినట్టు రాస్తే మార్కులేయరా అని టీచర్‌తో పోట్లాడిందట.

మొన్న ఆదివారం ఆమె మనోజకు ఫోన్ చేసింది. రహమత్ నగర్‌లో తమ పాత ఇంటి పక్కన కర్నూలు వైపు నుంచి కూలికి వచ్చిన కుటుంబం దిగిందని, వాళ్ల చిన్న పిల్లను అక్కడి బడిలో చేర్చుకోలేదని చెప్పింది.

"గా పిల్లకు ఆధార్ ఉందక్కా. అయినా తీసుకోలే. ఊరి నుంచి టీసీ తేవాల్నంటరు. రేపు మా బడికి ఒక్కదానికే సెలవు. నువ్వొస్తవా?"

"వస్తాను. ఎన్నింటికి?"

"బడి తెరవకముందే. మనమే ముందు పోయి నిలబడాలె."

మనోజ మర్నాడు పొద్దున్నే మోతీనగర్‌లో బస్సెక్కింది. రహమత్ నగర్ మలుపు దగ్గర దిగేసరికి, ఓ చిన్నపిల్ల చేయి పట్టుకుని ఇఫ్రా అప్పటికే బడి వైపు నడుస్తోంది. మనోజ గబగబా అడుగులేసి వాళ్లను కలుసుకుంది.